ఆ పిల్ల ఏమంటోందే?

మా అత్తగారు పోయారు. పోయిన నెల, ఒక గురువారం మధ్యాహ్నం, మా ఇంటికి పది నిమిషాల దూరంలో ఉన్న హాస్పిటల్లో. నేను ల్యాబ్‌లో ఉన్నాను. మా ల్యాబ్ లోపలికి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు. మా ఆయన ఆరుసార్లు ఫోన్ చేశారట, నాకు తెలియలేదు. గౌను విప్పి లాకర్ తెరిచి చూస్తే ఒక మెసేజ్ ఉంది, "అమ్మ వెళ్ళిపోయింది" అని. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు, గుండె జబ్బు, డాక్టర్లు ముందే చెప్పారు. అయినా ఆ లాకర్ల ముందు బెంచీ మీద కూర్చున్నప్పుడు నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన చెబితే నవ్వుతారు. ఫ్రిజ్‌లో చిక్కుడుకాయలు సగం ఈనెలు తీసి ఉన్నాయి, మిగతావి ఎవరు తీస్తారు అనుకున్నాను.

ఆవిడ గొప్ప మనిషి అని రాయబోవడం లేదు. అలా రాస్తే ముందు ఆవిడే ఒప్పుకోరు. మా అత్తగారిది కాస్త దురుసు నోరు. నాదీ ఏం తక్కువ కాదు, మా ఖమ్మంలో మా అమ్మని అడిగితే చెబుతుంది. అలాంటి మేమిద్దరం అమెరికాలో, ఈ ప్లెయిన్స్‌బరోలో ఒకే సోఫాలో నాలుగేళ్ళు కూర్చున్నామంటే, అది ఒక చైనా రాజుల సీరియల్ పుణ్యం. ఎవరైనా పోయినవాళ్ళ స్మృతిలో రాస్తే భాగవత సప్తాహాల గురించి రాస్తారు, నేను రాజభవనంలో విషప్రయోగాల గురించి రాస్తున్నాను. ఏం చేయను, మా ఇంట్లో జరిగింది అదే.

ముందు పాత సంగతి ఒకటి చెప్పాలి. అది చెప్పకపోతే మిగతాది మీకు అర్థం కాదు. మా అమ్మాయికి రెండేళ్ళు ఉన్నప్పుడు నాకు రెండోసారి నెల తప్పింది. ఐదో నెల వచ్చాక పోయింది. డాక్టర్ ఇది ఎవరి తప్పూ కాదని మూడుసార్లు చెప్పింది. నాలుగో రోజున బాపట్ల నుంచి అత్తగారు ఫోన్ చేశారు. నేను స్పీకర్‌లో పెట్టాను. ఎలా ఉన్నావని అడగలేదు. "కడుపుతో ఉన్నప్పుడైనా ఆ ఉద్యోగం మానుకోలేకపోయావా అమ్మాయ్," అన్నారు. అంతే, ఒక్క మాట. ఫోన్ మా ఆయన చేతికిచ్చి, బాత్రూంలోకి వెళ్ళి, కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఆ తర్వాత ఆరేళ్ళకి మామగారు పోయారు. అప్పటికే గ్రీన్‌కార్డ్ వచ్చి ఉంది కాబట్టి అత్తగారు మా దగ్గరికి వచ్చేశారు. వచ్చాక మా ఇంట్లో గొడవలేం జరగలేదు. గొడవ జరగాలంటే మాట్లాడుకోవాలి కదా. "అన్నం పెట్టనా?" "పెట్టు." "మందు వేసుకున్నారా?" "వేసుకున్నా." రోజుకి ఈ నాలుగు మాటలతో ఏడాదిన్నర లాక్కొచ్చాం. ఫోన్‌లో అన్న మాట ఆవిడ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మా ఆయన మాత్రం మా అమ్మా మా ఆవిడా ఎంత బాగా కలిసిపోయారో అని ఫ్రెండ్స్‌కి చెప్పుకునేవారు.

రెండో చలికాలంలో టీవీలో తెలుగు చానెళ్ళ యాప్ పని చేయడం మానేసింది. వీకెండ్ చూస్తానమ్మా అన్నారు మా ఆయన. ఆయన వీకెండ్ల సంగతి ఆయన్ని కన్న తల్లికి తెలియదా? రిమోట్ తీసుకుని అత్తగారే ఏదో వెతుక్కున్నారు. ఆరింటికి నేను ఇంటికొచ్చేసరికి టీవీలో పెద్ద పెద్ద ఎర్ర గోడలు, మంచు, పట్టుబట్టల్లో బోలెడు మంది ఆడవాళ్ళు. ఒకావిడ వేళ్ళకి జానెడు పొడుగు బంగారు గోళ్ళు తొడుక్కుని ఉంది. మాటలు చైనా భాషలో, కింద సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో. అత్తగారు పదో తరగతి పాసైన మనిషే, కూడబలుక్కుంటే ఇంగ్లీషు చదవగలరు. కానీ రెండో మాట దగ్గరికి వచ్చేసరికి ఆ లైను పోయి ఇంకో లైను వచ్చేది.

నేను పక్కన కూర్చుని ఉతికిన బట్టలు మడత పెడుతున్నాను. "ఆవిడేమంటోంది అమ్మాయ్?" అని అడిగారు. మందుల గురించీ అన్నం గురించీ కాకుండా ఆవిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే అనుకుంటాను. ఆ పిల్లని మంచులో మోకాళ్ళ మీద కూర్చోమంటోంది అని చెప్పాను. ఎందుకట అన్నారు. నాకేం తెలుసు, నేను మొదటి నుంచి చూడలేదు కదా అన్నాను, కాస్త విసురుగానే. ఆవిడ రిమోట్ నా చేతిలో పెట్టారు. అయితే మొదటి నుంచి పెట్టు అన్నారు.

అలా మొదలైంది. సాయంత్రం ఆరున్నరకి టీ తాగి సోఫాలో కూర్చునేవాళ్ళం. ఆవిడ ఒళ్ళో స్టీలు బేసిన్, అందులో చిక్కుడుకాయలో గోరుచిక్కుడో. కళ్ళజోడుకి తాడు. మొదలుపెట్టే ముందు కళ్ళలో చుక్కల మందు. నేను సబ్‌టైటిల్ చూసి తెలుగులో చెప్పాలి, ఆవిడ వింటూ ఈనెలు తీయాలి. ఎనభై ఎపిసోడ్లు. చైనా పేర్లు మాకిద్దరికీ నోరు తిరగవు కాబట్టి అత్తగారే అందరికీ పేర్లు పెట్టేశారు. బంగారు గోళ్ళున్న పట్టపురాణి గోళ్ళావిడ. రాజుగారి తల్లి పెద్దావిడ. పల్లెటూరి నుంచి కొత్తగా వచ్చిన చిన్న రాణి ఆ పిల్ల. ఆ పిల్ల చదువుకున్నది, రాజుగారికొచ్చే అర్జీలన్నీ చదివి పెడుతుంటుంది. ఆడపిల్లకి ఆ కాగితాలతో పనేంటని పెద్దావిడకి గుర్రు.

రాజుగారిని మాత్రం అత్తగారు అబ్బాయి అనేవారు. ఎవరు ఎవరికి విషం పెట్టినా, ఎవరి మీద ఎవరు నింద వేసినా, తప్పు ఎప్పుడూ అబ్బాయిది కాదు. పాపం వాడికేం తెలుసు అనేవారు. పదిహేను మంది పెళ్ళాలున్నా ఏమీ తెలియని అబ్బాయి. మా ఆయన ఆ పక్క కుర్చీలోనే లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కాల్‌లో ఉండేవారు. ఆయనకీ ఏమీ తెలియదు.

కుట్రలు పట్టుకోవడంలో ఆవిడ తర్వాతే ఎవరైనా. విషం కలిపిన సూపు గిన్నె తెరమీదికి రాగానే కనిపెట్టేసేవారు. "వడ్డించేవాళ్ళ చెయ్యి చూడకే, మొహం చూడు," అనేవారు. ఇంకోటి ఉంది. తెరమీద ఎవరైనా తొందరపడి మాట తూలితే, చేతిలో కాయ పైకెత్తి చూపించి, "ఒక్క కాయ ఈనె తీసేంతసేపు ఆగి ఉంటే ఆ మాట అనేది కాదు," అనేవారు. పెద్దావిడ నోరు జారిన ప్రతిసారీ ఈ మాట వచ్చేది. నేను అదేదో సీరియల్ గురించే అనుకునేదాన్ని. ఇప్పుడు ఆఫీస్‌లో ఎవరైనా ఒళ్ళు మండే ఈమెయిల్ పంపితే నేనూ ఒక కాయ ఈనె తీసేంతసేపు ఆగుతున్నాను. చాలా ఉద్యోగాలు నిలబడ్డాయి దానివల్ల, నాది కూడా.

ఇక నా దొంగతనం చెబుతాను. ఒకరోజు పొద్దున్నే అత్తగారు నా పోపుల డబ్బా మొత్తం తిరగేసి సర్దారు. ఆవాల గిన్నెలో మెంతులు, జీలకర్ర గిన్నెలో ఆవాలు. చూసుకోకుండా సాంబారులో గుప్పెడు మెంతులు వేసేశాను. ఒళ్ళు మండిపోయింది. ఆ సాయంత్రం సీరియల్లో గోళ్ళావిడా, ఆ పిల్లా తోటలో నడుస్తూ ఎవరో సేనాపతి గురించి వాదించుకుంటున్నారు. ఆ పిల్ల ఏమంటోంది అని అడిగారు అత్తగారు. "'నా వంటింట్లో డబ్బాలు నేను పెట్టిన చోటే ఉండాలి' అంటోంది," అని చెప్పేశాను.

అత్తగారు తెరమీంచి కళ్ళు తిప్పలేదు. రాణులకి కూడా డబ్బాల గొడవేనా అని మాత్రం అన్నారు. మర్నాడు పొద్దున లేచి చూస్తే పోపుల డబ్బాలో అన్నీ మళ్ళీ నా వరసలోనే ఉన్నాయి. ఆ రోజు రూట్ వన్ రోడ్డు మీద ట్రాఫిక్‌లో ఒక్కదాన్నే కూర్చుని నవ్వుకున్నాను. వెర్రి మనిషి, టీవీలో ఏం చెబితే అది నమ్మేస్తుంది అనుకున్నాను.

ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. ఇంట్లో చెప్పలేనివన్నీ చైనా వాళ్ళ చేత చెప్పించాను. మా ఆయనకి షుగర్ బార్డర్‌లో ఉందని డాక్టర్ చెప్పింది. ఈవిడేమో డబ్బాల కొద్దీ అరిసెలు చేసి పెడుతున్నారు. రాజవైద్యుడు తెరమీదికి రాగానే, ప్రభువులకి షుగర్ వచ్చే సూచనలున్నాయి, అరిసెలు కట్టిపెట్టాలి అని చదివాను. "ఆ వైద్యుడికి చెప్పు, వారానికి ఒక్కటి తింటే రాజ్యమేం కూలిపోదని," అన్నారు అత్తగారు, కాయ మీంచి కళ్ళెత్తకుండా. అప్పటి నుంచి వారానికి ఒక్కటే. మధ్యమధ్యలో నా నోట్లోంచి ఖమ్మం మాట జారేది. చైనా రాణికి మీ ఊరి యాస ఎట్లా వచ్చిందే అని దెప్పేవారు. "అమ్మాయ్" అనే పిలుపు పోయి ఈ "ఏవే, ఏమే" ఎప్పుడొచ్చాయో నాకు గుర్తు లేదు.

ఆవిడ కూడా ఊరుకునేవారు కాదు. ఒకసారి ఆ పిల్ల అర్జీలు చదువుతూ దీపం ముందు కూర్చుని ఉంటే, మొహం పీక్కుపోయి ఉంది, మధ్యాహ్నం ఏమైనా తింటోందేమో అడుగు అన్నారు. రాణులు తింటారు లెండి అన్నాను. మర్నాడు నా కారు తాళాల పక్కన డబ్బా. పెరుగన్నం, అంచున ఒక మాగాయ బద్ద. ఆ రోజు నుంచి పోయే ముందు వారం దాకా ఆ డబ్బా తప్పలేదు. నేను థాంక్స్ చెప్పలేదు. అన్నం బావుందని ఆ పిల్ల చేత చెప్పించాను.

ఒక చిత్రం ఉండేది. ఏడ్చే సీను రాకముందే ఆవిడ కళ్ళు తుడుచుకునేవారు. చుక్కల మందు మహిమ అనుకునేదాన్ని.

మా కాంప్లెక్స్ చుట్టూ నడిచే దారిలో పొద్దున్నే ఒక చైనా ముసలావిడ కనబడేది. ఒకరోజు అత్తగారు ఆవిడకి ఎదురుపడి, రెండు చేతులూ నడుం పక్కన చేర్చి, మోకాళ్ళు కాస్త వంచి, అచ్చం సీరియల్లో రాణులు పెట్టినట్టు దండం పెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ముసలావిడ ముందు బిత్తరపోయింది, తర్వాత కడుపు పట్టుకుని నవ్వింది, తర్వాత తనూ అలాగే వంగింది. ఆ రోజు నుంచి, మంచు కురిసినా, పక్కనే ఉన్న చెరువు దగ్గర బాతులు దారి కాచినా, రోజూ పొద్దున స్వెట్టర్లు వేసుకున్న ఇద్దరు మహారాణులు ఒకరికొకరు వంగి దండాలు పెట్టుకునేవారు. ఒకరి భాష ఒకరికి ఒక్క ముక్క రాదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. అది ఫిబ్రవరి. మా ఆయన ఇంకా ట్రైన్‌లో ఉన్నారు. మా అమ్మాయి డైనింగ్ టేబుల్ దగ్గర హోంవర్క్ చేసుకుంటోంది. సీరియల్లో ఆ పిల్లకి కడుపు పోయింది. అర్జీలు చదువుతూ కూర్చోబట్టే పోయిందని పెద్దావిడ నిండు సభలో అందరి ముందూ అంది. నేను ఆ లైను ఉన్నదున్నట్టే చదివాను. అత్తగారు తలొంచుకుని ఈనెలు తీస్తూనే ఉన్నారు. కాయ కూడా ఎత్తి చూపించలేదు.

దాని తర్వాత సీను. ఆ పిల్ల మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పెద్దావిడ ఒక్కతే వచ్చింది, వెంట పరిచారికలు కూడా లేరు. మంచం పక్కన కూర్చుంది. మనకి ఆవిడ వీపు మాత్రమే కనిపిస్తుంది. కిటికీ బయట మంచు పడుతోంది. కింద సబ్‌టైటిల్ లేదు. అత్తగారు చేతులు ఆపారు.

"ఆవిడేమంటోందే?"

ఏమీ అనట్లేదు అని చెప్పాల్సింది. నా నోట్లోంచి ఇంకోటి వచ్చింది. "'ఆ రోజు నేనన్న మాట తప్పు. ఇందులో నీ తప్పేం లేదు' అంటోంది అత్తయ్యా."

మా అమ్మాయి తలెత్తి మా ఇద్దరి వైపూ చూసింది, మళ్ళీ పుస్తకంలోకి వంగింది. అత్తగారు చేతిలో కాయ బేసిన్‌లో పెట్టి, "పెద్దది కదా. నోరు రాలేదు ఇన్నాళ్ళూ," అన్నారు. తర్వాత అడిగారు, "మరి ఆ పిల్ల ఏమంటోందే?"

"ఏమీ అనట్లేదు. అటు తిరిగి పడుకుంది," అన్నాను.

ఆ సీరియల్ మేము మూడుసార్లు చూశాం. కానీ ఆ సీను ఎన్నిసార్లు చూశామో లెక్క లేదు. ఉన్నట్టుండి, ఏ శనివారం సాయంత్రమో, ఆ మంచు సీను పెట్టవే అనేవారు. నేను పెట్టేదాన్ని. పెద్దావిడ ఏమంటోంది అని అడిగేవారు. అదే మాట చెప్పేదాన్ని, మాట పొల్లు పోకుండా. ఆ పిల్ల ఏమైనా అంటోందా అని అడిగేవారు. ఏమీ అనట్లేదు అనేదాన్ని. సరేలే, ఇంకోసారి చూద్దాం అనేవారు. వయసు మీద పడి మతిమరుపు వచ్చిందేమో అని మా ఆయనతో కూడా అన్నాను.

ఎందుకు చెప్పలేదని మీరు అడగొచ్చు. అబద్ధపు డైలాగు ఒకటి కల్పించినదాన్ని, రెండోది కల్పించడానికి నాకేం అడ్డం? నిజం చెప్పాలంటే నాకు భయం. అప్పటికి ఆవిడ మీద కోపం దాదాపు పోయింది. రోజూ పెరుగన్నం తింటూ ఎంతకాలమని కోపంగా ఉంటాం. కానీ ఐదు నెలలు నా కడుపులో ఉండి పోయిన ఆ బిడ్డకి ఫోటో లేదు, పేరు లేదు. ఆ కోపం ఒక్కటే గుర్తుగా మిగిలింది. అది కూడా ఇచ్చేస్తే ఆ బిడ్డ అసలు లేనట్టే అయిపోతుందని అనిపించేది. అందుకని ఆ పిల్లని గోడవైపే తిప్పి పడుకోబెట్టాను, నాలుగేళ్ళు.

హాస్పిటల్‌కి వెళ్ళే ముందు ఆదివారం. ఆవిడ కాళ్ళు వాచి ఉన్నాయి, స్టూలు మీద దిండు వేసి పెట్టాను. బేసిన్ ఒళ్ళో ఉంది కానీ వేళ్ళకి కాయ అంచు దొరకడం లేదు. గోటితో మూడుసార్లు గీరి, వదిలేసి, ఇంకో కాయ తీస్తున్నారు. ఆ మంచు సీను పెట్టవే అన్నారు. పెట్టాను. పెద్దావిడ ఏమంటోంది అంటే చెప్పాను. ఆ పిల్ల ఏమంటోందే అన్నారు, మామూలుగానే, తెరవైపు చూస్తూనే.

నేను ఆ వేళ్ళనే చూస్తున్నాను. "'వెళ్ళకండి. కాసేపు కూర్చోండి' అంటోంది అత్తయ్యా," అన్నాను.

"అమ్మయ్య," అన్నారు. బేసిన్ నా ఒళ్ళోకి జరిపారు. "ఇంక కట్టెయ్."

ఇంకా సగం ఉంది కదా అత్తయ్యా అన్నాను. మిగతాది నాకు తెలుసులే అని కళ్ళు మూసుకున్నారు. నేను నాలుగు కాయలు తీసి, ఓపిక లేక బేసిన్ అలాగే ఫ్రిజ్‌లో పెట్టేశాను. మంగళవారం ఆయాసం ఎక్కువైంది. గురువారానికి పోయారు.

కార్యక్రమాలన్నీ ఇక్కడే చేశాం. చాలామంది వచ్చారు, ఫోన్లు చేశారు. నాకు గుర్తుండిపోయింది మాత్రం ఆ చైనా ముసలావిడ. మనవడిని వెంటబెట్టుకుని, సంచీ నిండా కమలాపళ్ళతో వచ్చింది. అత్తగారి ఫోటో ముందు నిలబడి, రెండు చేతులూ నడుం పక్కన చేర్చి, మోకాళ్ళు వంచి దండం పెట్టింది. లేవడానికి కష్టపడితే మనవడు పట్టుకున్నాడు. మా ఆయన అదేం ఆచారమో అని నన్ను అడిగారు. ఆయనకి మొత్తం చెప్పేసరికి అరగంట పట్టింది. విని, నేను ఆ పక్క కుర్చీలోనే ఉన్నాను కదా, నాకెవరూ చెప్పలేదేం అని ఏడ్చారు. పాపం అబ్బాయికేం తెలుసు అని నేనూ ఏడ్చాను.

పోయిన ఆదివారం సాయంత్రం ఆరున్నరకి ఏం తోచక టీవీ పెట్టాను. మా అమ్మాయి వచ్చి పక్కన కూర్చుంది. దానికి పదమూడేళ్ళు ఇప్పుడు. ఆ మంచు సీను పెట్టి, నాన్నమ్మకి చెప్పినట్టే చెబుదామని మొదలుపెట్టాను. పెద్దావిడ ఏమంటోందంటే, అన్నానో లేదో, అది నా చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, అక్కడ లైనే లేదు కదా."

నీకెలా తెలుసు అన్నాను. అది తలొంచుకుని, దాని అమెరికా తెలుగులో, కూడబలుక్కుంటూ చెప్పుకొచ్చింది. స్కూల్ బస్ దిగి రాగానే నాన్నమ్మ ఆ రోజు ఎపిసోడ్ ముందు తనతోనే చూసేవారట. ఇది ఒక్కో సబ్‌టైటిల్ దగ్గర పాజ్ చేసి, చదివి, వచ్చిన తెలుగులో అర్థం చెప్పేదట. దానికి జీతం రెండు జంతికలు. ఆరున్నరకి ఆవిడ నాతో కూర్చుని చూడటం రెండోసారి అన్నమాట. నాలుగేళ్ళుగా ప్రతి కథా ఆవిడకి ముందే తెలుసు. ఎవరు ఎప్పుడు ఏడుస్తారో తెలుసు. ఎవరు ఏమన్నారో, ఎవరు ఏమీ అనలేదో అన్నీ తెలుసు.

నేను దానివైపు తిరిగి కూర్చున్నాను. "అమ్మ తప్పు చదువుతోందని నాన్నమ్మకి చెప్పలేదా నువ్వు?" అని అడిగాను.

"చెప్పాను. ఆ డబ్బాల రోజే చెప్పాను. నాన్నమ్మ అంది, 'నీ దగ్గర సీరియల్ వింటాను, మీ అమ్మ దగ్గర మీ అమ్మని వింటాను' అని. నీకు చెప్పొద్దు అంది."

వెర్రి మనిషి అనుకున్నాను నేను ఆవిడని. ఆ సీనులో ఎవరూ మాట్లాడరని తెలిసి, ఆ మధ్యాహ్నమే చూసి, సాయంత్రం నా పక్కన కూర్చుని ఆవిడేమంటోందే అని అడిగారు. అడిగింది పెద్దావిడ గురించి కాదు. ఆ పిల్ల ఏమంటోందే అని నాలుగేళ్ళు అడిగింది కూడా ఆ పిల్ల గురించి కాదు. నేను చివరికి ఆ ఒక్క మాట అన్నాను కాబట్టి సరిపోయింది. ఇంకో వారం మొండికేసి ఉంటే నేను ఏమైపోయేదాన్నో. అత్తయ్యా, మీకు నా థాంక్స్ ఇదే, ఈసారి ఎవరి చేతా చెప్పించకుండా నేనే చెబుతున్నాను.

మా అమ్మాయి లేచి వెళ్ళి ఫ్రిజ్‌లోంచి బేసిన్ తెచ్చింది. అందులో పొద్దున తెచ్చిన చిక్కుడుకాయలు. ఈనె ఎలా తీయాలో చూపించమంది. చూపించాను. టీవీలో ఆ సీను మళ్ళీ పెట్టాను. అందులో పెద్దావిడ లేచి వెళ్ళడం ఎక్కడా చూపించరు, కిటికీ బయట మంచు చూపించి వేరే సీనులోకి వెళ్ళిపోతారు. మంచు రాకముందే మా అమ్మాయి పాజ్ నొక్కింది. ఆ పిల్ల మంచం పక్కన, మాకు వీపు పెట్టి, పెద్దావిడ అలాగే కూర్చుని ఉంది.